కబాలాలో బిగ్ బ్యాంగ్ ఉందంటే ఎలా పరీక్షించాలి?

యూదుల మార్మిక గ్రంథాల్లో బిగ్ బ్యాంగ్ ఉందనీ, స్ట్రింగ్ థియరీ ఉందనీ, విశ్వం వయసు కూడా లెక్కకట్టి ఉందనీ చెప్పే వీడియోలు మా అక్క కొడుకు నాకు పంపుతుంటాడు. నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. కబాలా, అంటే యూదుల మార్మిక సంప్రదాయం, ఆ తర్వాత పట్టుకున్న పిచ్చి. రెండూ కాస్త తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే ఎవరైనా అడక్కుండా ఊరుకుంటారా? "పిన్నీ, ఇది నిజమేనా?" అని ఒక్కో వీడియోకీ ఒక్కో ప్రశ్న. అన్నిటికీ విడివిడిగా జవాబు రాసే బదులు, ఎవరికి వాళ్లు పరీక్షించుకునే పద్ధతి రాసిపెడితే నయం కదా అనిపించింది. దీనికి హీబ్రూ రానక్కర్లేదు. ఒక నోటుబుక్కు, కూడికలు గుణకారాలు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

నా అభిప్రాయం దాచుకోను. కబాలా ఆధునిక సైన్సుని ముందే చెప్పలేదు. అయితే చాలామంది కబాలిస్టులు తమ కాలపు సైన్సుని శ్రద్ధగా చదివారు, దాంతో మాట్లాడారు, పోట్లాడారు. వీడియోలు ఆ రెండో కథని వదిలేసి లేని మొదటి కథని పట్టుకుంటాయి. అదే నా బాధ.

ముందు తేదీలు రాసుకోండి

మొదటి పేజీ తేదీలకి వదిలేయండి. "వేల ఏళ్లనాటి రహస్యం" అని వినగానే అడగాల్సింది ఒకటే: ఏ పుస్తకం, ఎప్పటిది? కబాలా ఒక్క పుస్తకం కాదు, ఒక్క కాలానిదీ కాదు. వీటిలో పాతది 'సెఫెర్ యెత్సిరా'. అది ఎప్పుడు పుట్టిందన్న దానిపై పండితులు ఇంకా వాదించుకుంటున్నారు కానీ, సాదియా గావోన్ అనే యూదు పండితుడు 931లో దానికి వ్యాఖ్యానం రాశాడు కాబట్టి అప్పటికే పేరున్న పుస్తకమని తేలుతుంది. 'బహీర్' 12వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్ దక్షిణాన ప్రొవాన్స్‌లో వెలుగులోకి వచ్చింది. తర్వాత స్పెయిన్‌లోని జిరోనా పట్నపు కబాలిస్టుల బృందం, వాళ్లలో బైబిల్ వ్యాఖ్యాత నహ్మనిదెస్ (1194–1270). 13వ శతాబ్దం చివర స్పెయిన్‌లోనే కాస్టీల్ రాజ్యంలో 'జోహర్'. ఆపైన 16వ శతాబ్దంలో ఇప్పటి ఇజ్రాయెల్‌లో గలిలీ కొండల మీది సఫేద్ పట్నం, అక్కడ మోషె కోర్దొవెరో (1522–1570), ఐజాక్ లూరియా (1534–1572). లూరియా సఫేద్‌లో ఉన్నది సుమారు రెండేళ్లు, తన చేత్తో రాసింది చాలా తక్కువ. ఆయన చెప్పినదంతా శిష్యుడు హయీం విటాల్ రాసిపెట్టాడు. బిగ్ బ్యాంగ్‌తో పోల్చేవాళ్లు ఎక్కువగా ఎత్తేది ఈ లూరియా మాటలే.

జోహర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అది 2వ శతాబ్దపు గురువు షిమోన్ బార్ యొహాయ్ పేరు మీద చెలామణీ అయింది. సంప్రదాయాన్ని నమ్మేవాళ్లలో చాలామందికి ఇప్పటికీ అదే నమ్మకం, వాళ్లతో గొడవకి దిగమని నేను చెప్పను. కానీ భాషని, ప్రస్తావనలని పట్టుకుని పరిశోధించినవాళ్లు దాన్ని కాస్టీల్ కబాలిస్టు మోషె ద లెయోన్, ఆయన చుట్టూ ఉన్న బృందం రాసిందిగా తేల్చారు. ఈ పరిశోధనని గట్టి పునాది మీద నిలబెట్టినవాడు గెర్షోమ్ షోలెం (1897–1982). ఈయన కుర్రతనంలో గణితం చదివినవాడు, ఆ శిక్షణ పనితీరులో కనిపిస్తుంది. అసలు అనుమానం ఇంకా పాతదే. ఐజాక్ ఆఫ్ ఏకర్ అనే కబాలిస్టు 1305లో స్పెయిన్ వచ్చి జోహర్ మూలప్రతి ఏదని వాకబు చేశాడు. అలాంటి పాత ప్రతి ఏదీ లేదని, అంతా తన భర్త సొంత తలలోంచి రాసిందేనని మోషె ద లెయోన్ భార్య చెప్పినట్టు ఆయన రాతల నుంచి మనకి చేరింది. ఈ ఐజాక్ పేరు గుర్తుంచుకోండి, లెక్కల దగ్గర మళ్లీ వస్తాడు.

కాబట్టి "జోహర్‌లో ఉంది" అని ఎవరన్నా అంటే మీ నోటుబుక్కులో 13వ శతాబ్దం, కాస్టీల్ అని రాసుకోండి. ఈ ఒక్క దిద్దుబాటుతోనే సగం వీడియోలకి గాలి పోతుంది.

ఆ కాలంలో అది అప్పటికే తెలుసా?

తేదీ పక్కన రెండో గడి గీయండి. ఆ ఏడు, ఆ ప్రాంతంలో, చదువుకున్న మనిషికి ఈ సంగతి తెలుసా తెలీదా?

జోహర్‌లో ఒక చోట (మూడో భాగం, 10వ పత్రం) భూమి బంతిలా గుండ్రంగా ఉందని, మనుషులు కొందరు పైన కొందరు కింద ఉంటారని, కొందరికి వెలుగున్నప్పుడు మిగతావాళ్లకి చీకటని ఉంది. మాట నిజమే. వీడియోలో ఈ వాక్యం రాగానే వెనక సంగీతం పెరుగుతుంది, "కోపర్నికస్ కన్నా ముందే!" అని. రెండో గడి నింపండి. భూమి గోళమని అరిస్టాటిల్ చెప్పాడు, దాని చుట్టుకొలతని ఎరాటోస్థనీస్ క్రీస్తుకి రెండొందల ఏళ్లకి పైగా ముందే లెక్కకట్టాడు. సరే, అది గ్రీకు సంగతి, యూదులకి ఎలా తెలుస్తుందంటారా? జోహర్‌కి నూట యాభై ఏళ్ల ముందే బార్సెలోనాలో అబ్రహాం బార్ హియ్యా భూమి ఆకారం మీద హీబ్రూలోనే పుస్తకం రాశాడు. అంటే జోహర్ రచయితలు తమ కాలంలో మంచి చదువరులు. ఇది తక్కువ మెప్పా? నాకైతే జోస్యం కన్నా ఇదే పెద్ద మెప్పు.

నహ్మనిదెస్ విషయంలో ఈ పరీక్ష ఇంకా తేలిక. ఆదికాండం మొదటి వాక్యానికి వ్యాఖ్యానం రాస్తూ ఆయన, దేవుడు ఏమీ లేనిదాన్నుంచి ముందు చాలా సూక్ష్మమైన, పట్టుకోడానికి ఏమీ లేని ఒక మూలతత్వాన్ని సృష్టించాడని, ఏ రూపాన్నైనా తీసుకునే శక్తి దానికుందని, మిగతా అంతా దాన్నుంచే వచ్చిందని అంటాడు. సింగ్యులారిటీ (విశ్వం మొదట్లో ఉందనే అనంత సాంద్రత స్థితి) ఇదేనని చెప్పేవాళ్లు ఆ పేరాలోని ఒక ముక్కని జాగ్రత్తగా దాటేస్తారు. గ్రీకులు దీన్ని 'హైలీ' అంటారని నహ్మనిదెస్ తానే రాశాడు! అరిస్టాటిల్ సంప్రదాయంలోని ఆది పదార్థం అది. ఎక్కణ్ణించి తెచ్చుకున్నాడో మనిషి దాచుకోకుండా చెప్తుంటే, మనం దాన్ని ఆయనకి దక్కకుండా చేసి ఐన్‌స్టైన్ కాలానికి మోసుకుపోవడం ఏం మర్యాద?

అంకెలు కనిపిస్తే లెక్క మీరే చెయ్యండి

అంకెలున్న వీడియోలకి జనం త్వరగా పడిపోతారు. అందుకే పెన్సిల్ తియ్యాలి.

మొదటిది విశ్వం వయసు. దీన్ని వ్యాప్తి చేసినవాడు ఆర్యే కాప్లాన్ (1934–1983), ఫిజిక్స్ చదివిన రబ్బీ (యూదు మతగురువు), తెలివైనవాడు. వాదన ఇలా నడుస్తుంది. కొందరు కబాలిస్టుల ప్రకారం లోకం ఏడు వేల ఏళ్ల చక్రాలుగా సాగుతుంది, అలాంటివి ఏడు. మనం ఏడో చక్రంలో ఉన్నామనుకుంటే ఆదాముకి ముందు ఆరు చక్రాలు గడిచాయి: 6 × 7,000 = 42,000 ఏళ్లు. ఇవి దేవుడి ఏళ్లు. దేవుడికి ఒక రోజు మనకి వెయ్యేళ్లని కీర్తనల్లో ఉంది కాబట్టి దేవుడి ఏడాది 3,65,250 మానవ సంవత్సరాలు. ఈ మెట్టుకి ఆధారం మన ఐజాక్ ఆఫ్ ఏకర్. రెండిటినీ గుణిస్తే 1,534 కోట్ల 5 లక్షల ఏళ్లు. కాప్లాన్ ఈ మాట చెప్పిన 1970ల చివర్లో శాస్త్రజ్ఞుల అంచనాలు వెయ్యి కోట్ల నుంచి రెండు వేల కోట్ల దాకా ఊగుతున్నాయి. పదిహేను వందల కోట్లు సరిగ్గా నడిమధ్యన పడింది. చప్పట్లు.

ఇప్పుడు ఒక్కో మెట్టూ కదిపి చూడండి. ఈ చక్రాల సిద్ధాంతానికి ముఖ్య గ్రంథమైన 'సెఫెర్ హతెమునా' మనల్ని పెట్టింది ఏడో చక్రంలో కాదు, రెండోదాంట్లో, కఠిన న్యాయం ఏలే చక్రంలో. అప్పుడు లెక్క 7,000 × 3,65,250, అంటే సుమారు 256 కోట్లు. మన భూమి వయసే 454 కోట్లు! పైగా కోర్దొవెరో, లూరియా ఇద్దరూ ఈ చక్రాల లెక్కనే ఒప్పుకోలేదు. మరోవైపు సైన్సు అంకె కూడా కదిలింది. ప్లాంక్ ఉపగ్రహం కొలతల తర్వాత విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు, దాంట్లో అనిశ్చితి కొన్ని కోట్లే. 1,534 ఆ పరిధికి దరిదాపుల్లో లేదు. ఒక మెట్టు మీద మీకు నచ్చిన చక్రాన్ని, ఇంకో మెట్టు మీద నచ్చిన గుణకాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఉంటే ఏ జవాబైనా రాబట్టొచ్చు. ఎంపికలెన్ని జరిగాయో లెక్కపెట్టడం ఇక్కడ నేర్చుకోవాల్సిన పని.

రెండోది 137. ఇది ఎంత తియ్యగా ఉంటుందంటే, నాకు కూడా ముచ్చటేస్తుంది. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది, వాటిని కూడే పద్ధతిని గెమాట్రియా అంటారు. కబాలా అన్న మాటలో ఖోఫ్ 100, బేత్ 2, లామెద్ 30, హే 5. మొత్తం 137. ఫిజిక్స్‌లో విద్యుదయస్కాంత బలం ఎంత గట్టిదో చెప్పే ఫైన్ స్ట్రక్చర్ కాన్‌స్టంట్ సుమారు 1/137. సోమర్‌ఫెల్డ్ 1916లో దీన్ని తెచ్చాడు. ఆ అంకె ఎందుకు అంతే ఉందో ఇవాళ్టికీ ఎవరికీ తెలీదు. దాని గురించి జీవితాంతం మథనపడ్డ భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ 1958 డిసెంబర్‌లో జ్యూరిక్ ఆసుపత్రిలో చేరితే ఇచ్చిన గది నంబరు 137. అక్కడే చనిపోయాడు. కథలు రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక పెన్సిల్. ఒకటి: కొలిచిన విలువ 137 కాదు, 137.036. గెమాట్రియాలో దశాంశాలుండవు. ఆర్థర్ ఎడింగ్టన్ అనే మహా ఖగోళ శాస్త్రవేత్త అది పూర్ణాంకమే కావాలని పట్టుబట్టి మొదట 136 అని సిద్ధాంతం కట్టాడు, కొలతలు 137 వైపు జరగ్గానే ఒకటి కలిపాడు. ఎగతాళికి ఆయన పేరునే "యాడింగ్ వన్" అని మార్చి పిలిచారు. రెండు: అసలు ఆ కాన్‌స్టంట్ అన్ని శక్తుల దగ్గరా ఒకేలా ఉండదు. జెడ్ బోసాన్ అనే బరువైన కణం పుట్టే శక్తి దగ్గర కొలిస్తే సుమారు 1/128. మూడు: అదే మొత్తం ఇంకెన్ని మాటలకి వస్తుందో చూడండి. చక్రం అని అర్థమున్న 'ఓఫాన్': ఆలెఫ్ 1, వావ్ 6, పే 80, నూన్ 50. మొత్తం 137. నిలబెట్టిన రాయి, సమాధి రాయి అని అర్థమున్న 'మత్సెవా': మేమ్ 40, త్సాదీ 90, బేత్ 2, హే 5. ఇదీ 137. బైబిల్లో ఇష్మాయేలు బతికింది 137 ఏళ్లు, లేవీ 137, మోషే తండ్రి అమ్రాము 137. ఇందులో ఏది రహస్యం, ఏది యాదృచ్ఛికం? ఎంచుకునే నియమం ముందే చెప్పకపోతే, దొరికింది ఏదైనా బోడిగుండుకీ మోకాలికీ ముడేసినట్టే.

పది సెఫిరోత్‌కీ (దేవుడు వెల్లడయ్యే పది ముఖాలని కబాలా చెప్పేవి), కణాలన్నీ సన్నటి తీగల కంపనాలనే స్ట్రింగ్ థియరీలోని పది పరిమాణాలకీ పెళ్లి చేసేవాళ్లకి ఎక్కువ చోటు ఇవ్వను. సూపర్‌స్ట్రింగ్‌లో పది, నిజమే. స్ట్రింగ్ సిద్ధాంతాలన్నిటినీ కలిపే ఎమ్-థియరీ వచ్చి పదకొండు అనగానే, అప్పటిదాకా లెక్కలో లేని 'దాత్'ని (జ్ఞానం) పదకొండోదిగా కలిపేశారు. సెఫిరోత్ పేర్లు చదవండి: కృప, కాఠిన్యం, సౌందర్యం, వైభవం. ఇవి పొడవు వెడల్పులు కావు, దేవుడి అంతరంగపు ముఖాలు. ఇంకో తమాషా ఉంది. బోసానిక్ స్ట్రింగ్ థియరీకి 26 పరిమాణాలు కావాలి. దేవుడి నాలుగక్షరాల నామానికి విలువ 10+5+6+5, సరిగ్గా 26! అంకెల పోలికలో ఇంత అందమైంది ఇంకోటి లేదు. పాపం ఆ సిద్ధాంతంలో ఎలక్ట్రాన్‌కి గానీ క్వార్క్‌కి గానీ చోటు లేదు, అది మన లోకాన్ని వర్ణించదు.

అసలు పాఠం తెరిచి దిశ చూడండి

త్సిమ్‌త్సుమ్, అంటే దేవుడు తనలోకి తాను ముడుచుకోవడం. విటాల్ రాసినదాని ప్రకారం, సృష్టికి ముందు 'ఎయిన్ సోఫ్' (అనంతుడు) వెలుగు అంతటా నిండి ఉంది, ఖాళీ అన్నదే లేదు. ఆ వెలుగు నడిమి బిందువు నుంచి అన్ని పక్కలకీ తప్పుకుంది. మధ్యలో గుండ్రటి ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలోకి సన్నటి వెలుగు గీత ఒకటి దిగింది. ఆ వెలుగుని పట్టుకోవాల్సిన పాత్రల్లో కింది ఏడూ తట్టుకోలేక పగిలాయి. వెలుగు రవ్వలు ముక్కలతో పాటు కిందకి పడ్డాయి. ఆ రవ్వల్ని ఏరి పైకి చేర్చడం మనిషి పని, దాన్నే తిక్కున్ అంటారు.

దీన్ని బిగ్ బ్యాంగ్ పక్కన పెట్టి మూడు ప్రశ్నలు రాసుకోండి. కదలిక ఏ దిశలో? ఒక చోట వెలుగు వెనక్కి తగ్గుతోంది. ఇంకో చోట వేడిగా, దట్టంగా ఉన్న విశ్వమే వ్యాకోచిస్తోంది. మధ్య బిందువు ఉందా? లూరియా ఖాళీకి మధ్య ఉంది. బిగ్ బ్యాంగ్‌కి లేదు, అది ఫలానా చోట జరిగిన పేలుడు కాదు, అంతటా జరిగింది. మూడోది అసలైన ప్రశ్న: ఇది తప్పైతే ఏం కొలిచి పట్టుకోవచ్చు? బిగ్ బ్యాంగ్ నిజమైతే ఆకాశమంతా ఒక చల్లారిన వెలుగు మిగిలుండాలని ఆల్ఫర్, హెర్మన్ 1948లో చెప్పారు. పెన్జియాస్, విల్సన్‌లకి అది దొరికిందని 1965లో లోకానికి తెలిసింది. దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్. తొలి విశ్వంలో పదార్థపు బరువులో నాలుగో వంతు హీలియం అయ్యుండాలి, అలాగే ఉంది. త్సిమ్‌త్సుమ్ నుంచి హీలియం ఎంతో లెక్కకట్టలేం. అది దాని లోపం కాదు. అది అడిగిన ప్రశ్నే వేరు: అంతటా దేవుడే నిండి ఉంటే మిగతా దేనికైనా చోటెక్కడిది?

ఇంకో సంగతి వీడియోల్లో ఎప్పుడూ రాదు. త్సిమ్‌త్సుమ్ అక్షరాలా జరిగిందా, లేక మన బుద్ధికి అందేలా చెప్పిన మాటా అని కబాలిస్టులే తరతరాలుగా కొట్టుకున్నారు. 18వ శతాబ్దం ఇటలీలో ఇమ్మానుయేల్ హయ్ రిక్కీ అక్షరాలా నిజమన్నాడు, యోసెఫ్ ఎర్గాస్ కాదన్నాడు. హసీదీలనే యూదు భక్తి ఉద్యమంలో హబాద్ శాఖ గురువు ష్న్యోర్ జల్మాన్ కూడా అక్షరార్థాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి ఎవరైనా "త్సిమ్‌త్సుమే బిగ్ బ్యాంగ్" అంటే, ఎవరి త్సిమ్‌త్సుమ్ అని అడగండి. రిక్కీదా, ఎర్గాస్‌దా?

పాత్రలు పగలడానికీ కణ భౌతికశాస్త్రంలో సౌష్ఠవం విరగడానికీ పోలిక కూడా ఇలాంటిదే. రెండు చోట్లా 'విరగడం' ఉంది, అంతకన్నా ఏమీ లేదు.

ఇలాంటి పోలికల మోజు యూదులకే పరిమితమూ కాదు. 1951లో పోప్ పన్నెండో పయస్ బిగ్ బ్యాంగ్‌ని సృష్టికి సాక్ష్యంలా చెప్పాడు. ఆ సిద్ధాంతానికి ఆద్యుడైన జార్జ్ లెమెత్ర్ స్వయంగా కాథలిక్ ఫాదరీ, అయినా ఆయనకే అది నచ్చలేదు.

జోస్యం అనిపిస్తే, ముందు దాన్ని ఎలా చదివారో వెతకండి

జోహర్ మొదటి భాగం 117వ పత్రంలో, ఆరో సహస్రాబ్దిలో ఆరువందల ఏట పైన జ్ఞాన ద్వారాలు, కింద జ్ఞానపు ఊటలు తెరుచుకుంటాయని ఉంది. యూదుల లెక్కలో అది 5600వ సంవత్సరం, అంటే 1840. సైన్సు విప్లవం గురించే ఇది చెప్పిందంటారు. కోపర్నికస్ పుస్తకం 1543, న్యూటన్ 'ప్రిన్సిపియా' 1687, సాపేక్షత 1905. వీటిలో ఏది 1840కి దగ్గర? గత మూడు శతాబ్దాల్లో ఏ ఏడు చూపించినా ఓ ముప్ఫై ఏళ్లు అటూ ఇటూ తీసుకుంటే ఏదో ఒక పెద్ద ఆవిష్కరణ తగులుతుంది. ఇక 1840కి ముందు బతికినవాళ్లలో చాలామంది ఈ వాక్యాన్ని ఆవిరి యంత్రాల గురించి చదవలేదు. విమోచన గురించి, మెస్సయ్య గురించి చదివారు. జెమున్‌లోని (ఇప్పటి సెర్బియా) రబ్బీ యెహూదా అల్కలాయ్ ఆ ఏటి మీద పెద్ద ఆశలే పెట్టుకున్నాడు. మెస్సయ్య రాకపోయాక వాక్యం చేతులు మారి సైన్సు ఖాతాలో పడింది.

నిజంగా గణితం ఉన్న చోట ఆగండి

ఇన్ని కొట్టేశాక ఏమీ మిగల్లేదని అనుకోకండి. సెఫెర్ యెత్సిరా తెరవండి. కొన్ని పేజీల పుస్తకం. పది సెఫిరోత్, ఇరవై రెండు అక్షరాలు, మొత్తం 32 దారులతో లోకం తయారైందంటుంది. అందులో ఒక చోట అక్షరాలని రాళ్లు అని, మాటల్ని ఇళ్లు అని పిలుస్తూ ఇలా లెక్క సాగుతుంది: రెండు రాళ్లు రెండు ఇళ్లు కడతాయి, మూడు రాళ్లు ఆరు, నాలుగు ఇరవై నాలుగు, అయిదు నూట ఇరవై, ఆరు ఏడువందల ఇరవై, ఏడు అయిదు వేల నలభై. ఆ పైన మీరే లెక్కేసుకోండి, అది నోరు పలకలేనిది, చెవి వినలేనిది అంటుంది.

ఇది ఫ్యాక్టోరియల్. ఇందులో పోలిక అక్కర్లేదు, వ్యాఖ్యానం అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టే గణితం. అదే పుస్తకంలో అక్షరాల జంటలకి 231 ద్వారాలు అని ఉంది. 22 × 21 ÷ 2 చేసి చూడండి, సరిగ్గా అంతే. క్లాసులో ప్రస్తారాలు, సంయోగాలు చెప్పాల్సి వస్తే నేను దీంతోనే మొదలుపెడతాను. లోకాన్ని అక్షరాల కూర్పుగా చూసిన మనిషికి, ఎన్ని కూర్పులు సాధ్యం అన్న ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్న అతన్ని సరైన లెక్క దగ్గరికి తీసుకెళ్లింది. 137 వీడియోకి లక్షల మంది చూపరులుంటారు, దీనికి ఎవరూ ఉండరు!

అక్షరాలు కలిపి మట్టిబొమ్మకి ప్రాణం పోసే గోలెం కథలకి కూడా ఈ పుస్తకమే మూలం. 1965లో రెహోవోత్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ కొత్త కంప్యూటర్‌కి 'గోలెం ఆలెఫ్' అన్న పేరు సూచించింది షోలెమే. ప్రారంభోత్సవంలో ప్రాగ్ గోలెమ్‌నీ రెహోవోత్ గోలెమ్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడాడు. అందులో "ముందే చెప్పారు" అన్న గొప్ప లేదు. సున్నాలు ఒకట్లతో నడిచే యంత్రానికీ అక్షరాలతో నడిచే బొమ్మకీ మధ్య ఒక తెలిసిన మనిషి చూసిన చుట్టరికం అది.

ఇప్పుడు మనుషుల్ని వెతకండి

నోటుబుక్కులో చివరి సగం మనుషులకి. పుస్తకంలో సైన్సు ఉందా అని కాక, ఈ రెండు లోకాల్లోనూ తిరిగినవాడు ఏం చేశాడు అని అడగండి.

దావిద్ గాన్స్ (1541–1613) ప్రాగ్‌లో మహరాల్ అని పేరున్న రబ్బీకి శిష్యుడు. 1600లో ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ పరిశోధనాశాలకి వెళ్లి ఉండి వచ్చాడు, కెప్లర్‌తో మాట్లాడాడు. అన్నీ కళ్లారా చూసి కూడా భూమే కేంద్రమన్న మాట వదల్లేదు. అప్పట్లో అదేం వింత కాదు, టైకో కూడా భూమిని కదలనివ్వలేదు. యోసెఫ్ దెల్మెదిగో (1591–1655) పాదువాలో గెలీలియో దగ్గర చదివి, ఆయన టెలిస్కోపులోంచి చూసి, 'రబ్బీ గెలీలియో' అని రాశాడు. కోపర్నికస్ పక్షం వహించాడు. ఈయనే కబాలాని సమర్థిస్తూ కూడా పుస్తకం రాశాడు. అది మనస్ఫూర్తిగా రాశాడా, పైకి అలా రాశాడా అన్నది ఇంకా తెగని వాదన. నాకు ఈయనంటే చాలా ఇష్టం. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లని లోకం తిడుతుంది కానీ, వాళ్ల రాతల్లో ఉండే ఉద్రిక్తత ఒంటి పడవ వాళ్ల దగ్గర దొరకదు.

న్యూటన్ పేరు కూడా లాగుతారు. క్నోర్ ఫోన్ రోజెన్‌రోత్ లాటిన్‌లోకి తెచ్చిన 'కబాలా దెనుదాతా' (1677–1684) న్యూటన్ గ్రంథాలయంలో ఉన్న మాట నిజం. అది చదివి ఆయన మెచ్చుకోలేదు, మతంలోకి తత్వశాస్త్రపు చెత్త చేరడానికి కబాలిస్టులు ఒక కారణమని విసుక్కున్నాడు. జర్మన్ తత్వవేత్త, గణితజ్ఞుడు లైబ్‌నిట్స్ మాత్రం రోజెన్‌రోత్‌ని కలవడానికి జుల్జ్‌బాఖ్ దాకా వెళ్లాడు. "న్యూటన్ కబాలా చదివాడు" అన్న వాక్యం వినిపిస్తే, చదివి ఏమన్నాడు అని తప్పక అడగండి.

1797లో బ్ర్నోలో 'సెఫెర్ హబ్రీత్' అచ్చయింది, మొదట రచయిత పేరు లేకుండా. రాసింది పిన్హాస్ ఎలియాహు హుర్విత్జ్, లూరియా మార్గంలో నడిచినవాడు. పైకి విటాల్ పుస్తకానికి వ్యాఖ్యానం, లోపల ఖగోళం, భూగోళం, జీవశాస్త్రం, కొత్తగా వచ్చిన పరికరాలు. కోపర్నికస్‌ని ఒప్పుకోడు, కానీ గాలి బుడగల మీద ఆకాశంలోకి లేచిన మనుషుల కబుర్లు చెప్తాడు. తూర్పు యూరప్ యూదుల్లో ఎందరికో సైన్సు మొదటిసారి ఒక కబాలిస్టు చేతుల మీదుగా అందింది. ఈ సంబంధం గురించి నాకు తెలిసిన అన్ని ఉదాహరణల్లోనూ బలమైంది ఇదే.

20వ శతాబ్దంలో రబ్బీ అబ్రహాం ఐజాక్ కూక్ (1865–1935) పరిణామ సిద్ధాంతం మిగతా తాత్విక సిద్ధాంతాలన్నిటికన్నా కబాలా రహస్యాలతో ఎక్కువ పొసుగుతుందని రాశాడు. గమనించండి, డార్విన్‌ని కబాలా ముందే కనిపెట్టిందని ఆయన అనలేదు. లోకం పైపైకి ఎదుగుతూ ఉందన్న తన నమ్మకానికి డార్విన్ చెప్పింది అడ్డం రాదని, తోడవుతుందని అన్నాడు. పోలిక చెప్పదలచుకుంటే ఇలా చెప్పాలి, ఏది ఎవరి మాటో తెలిసేలా.

ఇక మొదలుపెట్టడానికి

జోహర్‌తో మొదలుపెట్టకండి. అరామిక్‌లో రాసిన ఆ సముద్రానికి వరస ఉండదు. ఒక వాక్యానికి వెనక పది గ్రంథాల ప్రస్తావనలుంటాయి. పాతవాళ్లకీ ఈ భయం ఉంది. సబ్బతాయ్ జెవి అనే నకిలీ మెస్సయ్య, ఆ తర్వాత జాకబ్ ఫ్రాంక్ చేసిన రభస చూసి, 1756లో బ్రోడీ పట్నంలో రబ్బీలు ముప్ఫై ఏళ్లు నిండకుండా జోహర్, నలభై నిండకుండా లూరియా రాతలు ముట్టుకోకూడదని శాసనం చేశారు. మనకి ఆ శాసనం వర్తించదు కానీ వరస మాత్రం మంచిదే.

ముందు సెఫెర్ యెత్సిరా, పెన్సిల్‌తో. తర్వాత నహ్మనిదెస్ ఆదికాండ వ్యాఖ్యానంలో మొదటి వాక్యం ఒక్కటి. ఆపైన షోలెం రాసిన చరిత్ర ఏదైనా, దాని వెంటనే ఆయనతో చాలా చోట్ల విభేదించిన మోషె ఇదెల్. ఇద్దరినీ కలిపి చదవాలి, ఒక్కరితో ఆగితే ఆయన అభిప్రాయమే చరిత్ర అనిపిస్తుంది. జోహర్‌కి వచ్చేసరికి స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2004 నుంచి 2017 దాకా 12 సంపుటాల్లో వేసిన ఇంగ్లిష్ అనువాదం తీసుకోండి. వీడియోలో పత్రం నంబరు చెప్తే ఆ పత్రం తీసి, ముందు పేరా, వెనక పేరా కూడా చదవండి. నంబరే చెప్పకపోతే ఆ వీడియోకి నోటుబుక్కులో గడి గీయనక్కర్లేదు.